గుర్రం ఒకటే, నిప్పు వేరు: చైనా జంతు సంవత్సరాల వెనక ఉన్న లెక్క

పుట్టిన సంవత్సరంలో చివరి అంకె చూడండి. 0, 1 అయితే మీ తత్వం లోహం. 2, 3 అయితే నీరు. 4, 5 చెట్టు, 6, 7 నిప్పు, 8, 9 మట్టి. ఇప్పుడు అదే సంవత్సరాన్ని 12తో భాగించి ఎంత మిగిలిందో చూడండి. 4 మిగిలితే ఎలుక, 5 ఎద్దు, 6 పులి, 7 కుందేలు, 8 డ్రాగన్, 9 పాము, 10 గుర్రం, 11 మేక, ఏమీ మిగలకపోతే కోతి, 1 కోడి, 2 కుక్క, 3 పంది. 1984ని భాగిస్తే 4 మిగులుతుంది, చివరి అంకె కూడా 4, కాబట్టి చెట్టు ఎలుక. అంతే, అయిపోయింది. నెట్‌లో "మీ చైనా రాశి తెలుసుకోండి" అనే పేజీలు లోపల చేసే పని ఇంతకు మించి ఏమీ లేదు. ఆ పైన "తెలివైనవారు, కలుపుగోలు మనిషి, కాకపోతే కొంచెం తొందరపాటు" అని ఎవరికైనా సరిపోయే నాలుగు ముక్కలు అతికిస్తారు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. దాన్ని పట్టించుకోకపోవడం వల్ల జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టినవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి పక్కవాళ్ల జంతువు గుణాలు చదువుకుని మురిసిపోతుంటారు. చైనా సంవత్సరాది జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వచ్చే అమావాస్యని బట్టి ఉంటుంది. 1990లో అది జనవరి 27న వచ్చింది. అంటే ఆ ఏడు జనవరి 20న పుట్టిన మనిషిది లోహపు గుర్రం అనుకుంటే పొరపాటే, ఇంకా మట్టి పాము సంవత్సరం నడుస్తోంది. ఇది చాలదన్నట్టు జాతకాలు చూసేవాళ్ల లెక్క ఇంకోటి. వాళ్లకి సంవత్సరం మారేది పండగనాడు కాదట, సూర్యుణ్ని బట్టి ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే 'లిచున్' రోజున, అంటే వాళ్ల వసంతం మొదలయ్యే రోజున. 1985లో సంవత్సరాది ఫిబ్రవరి 20న వచ్చింది కాబట్టి ఆ నెల 10న పుట్టినవాళ్లు పండగ లెక్కలో ఎలుక, జ్యోతిషుడి లెక్కలో ఎద్దు. ఏది నిజం అంటే రెండూ నిజమే, అడిగేది ఎవరినన్నదాన్ని బట్టి.

అసలు సంగతి ఏమిటంటే జంతువులు ఈ పద్ధతికి ముఖం మాత్రమే. వెనక నడిచేది కాలం లెక్కపెట్టే ఒక యంత్రం. అందులో రెండు చక్రాలు. ఒకదానికి పది పళ్లు, వాటిని ఆకాశ కాండాలు అంటారు. రెండోదానికి పన్నెండు, అవి భూ శాఖలు. రెండు చక్రాలూ ఏడాదికి ఒక్కో పన్ను చొప్పున తిరుగుతాయి. పదీ పన్నెండూ రెండూ సరి సంఖ్యలు కావడంతో ఒకదానిలోని బేసి పన్ను రెండోదానిలోని సరి పన్నుతో ఎప్పటికీ కలవదు. అందుకే 120 జంటలు రావాల్సిన చోట 60 జంటలే వస్తాయి. పది కాండాలంటే ఐదు తత్వాలు, ఒక్కోటీ రెండేసిసార్లు, యాంగ్ (వెలుగు, చురుకు వైపు) ఒకసారి, యిన్ (నీడ, మెత్తదనం వైపు) ఒకసారి. పన్నెండు శాఖలకి జనం గుర్తు పెట్టుకోవడానికి తగిలించిన పేర్లే ఎలుక, ఎద్దు వగైరా. చైనా కథల్లో స్వర్గానికి రాజైన జేడ్ చక్రవర్తి జంతువులకి పరుగు పందెం పెట్టాడనీ, ఎలుక ఎద్దు వీపెక్కి చివర్లో దూకి మొదటి స్థానం కొట్టేసిందనీ చెప్పే కథ పిల్లలకి బాగుంటుంది, లెక్కకి మాత్రం ఏమీ పనికిరాదు.

ఈ అరవై అనే సంఖ్య తెలుగువాళ్లకి కొత్తేం కాదు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై సంవత్సరాలు మనకీ ఉన్నాయి, ఆ చక్రం ఒకసారి పూర్తయితే షష్టిపూర్తి చేస్తాం. జపాన్‌లో కూడా అరవై నిండినవాళ్లకి ఎర్ర టోపీ, ఎర్ర చొక్కా తొడిగి వేడుక చేస్తారు, పుట్టిన సంవత్సరం మళ్లీ వచ్చింది కాబట్టి పసిపిల్లాడివైపోయావు అని. అయితే చైనా చక్రం మొన్న మొదలైంది 1984లో, మన ప్రభవ వచ్చింది 1987లో. మూడేళ్ల తేడా. ఇక్కడ ఆసక్తికరమైనది టిబెట్. వాళ్లు చైనా జంతువుల్నీ తత్వాల్నీ తీసుకున్నారు, కానీ చక్రం మొదలుపెట్టడం మాత్రం మనలాగే. టిబెట్ మొదటి అరవై ఏళ్ల చక్రం 1027లో, నిప్పు కుందేలు సంవత్సరంతో మొదలైంది. దాన్ని 'రబ్‌జుంగ్' అంటారు, ప్రభవ అనే మాటకి టిబెటన్ రూపం అది. 1027కి పదహారు అరవైలు కలపండి, 1987 వస్తుంది: మనకి ప్రభవ, వాళ్లకి నిప్పు కుందేలు. కాలచక్ర తంత్రం అనే బౌద్ధ గ్రంథంతో పాటు ఈ లెక్క టిబెట్ చేరింది, ఆ తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో బోధించాడని వాళ్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే. అంటే టిబెట్ వాళ్ల కుందేళ్లకీ గుర్రాలకీ కృష్ణా తీరంతో ఎంతో కొంత చుట్టరికం ఉంది.

ఇక తత్వాల సంగతి. పంచతత్వాలు అనగానే మనకి పంచభూతాలు గుర్తొస్తాయి, అక్కడే తప్పుదారి పడతాం. మన లెక్కలో భూమి, నీరు, అగ్ని, వాయువు, ఆకాశం. వాళ్ల లెక్కలో గాలీ ఆకాశమూ లేవు, వాటి బదులు చెట్టూ లోహమూ ఉన్నాయి. ఇదేదో జాబితాలో చిన్న తేడా అనుకుంటే లాభం లేదు. భూతాలంటే వస్తువులు దేనితో తయారయ్యాయో చెప్పేవి. చైనావాళ్ల 'వూ షింగ్'లో షింగ్ అంటే నడవడం, కదలడం. ఐదు పదార్థాలు అనడం కన్నా ఐదు నడకలు అనడం దగ్గరగా ఉంటుంది. చెట్టు అంటే మొలిచి పైకి లేచే నడక, నిప్పు అంటే వ్యాపించి ఎగసేది, మట్టి అంటే నిలదొక్కుకునేది, లోహం అంటే గట్టిపడి ముడుచుకునేది, నీరు అంటే కిందికి జారి దాక్కునేది. ఇలా చూస్తే ఇవి ఏడాది పొడుగునా రుతువులు చేసే పనే: వసంతం, ఎండాకాలం, శరదృతువు, చలికాలం, మధ్యలో మట్టి. తెలుగులో కొందరు మొదటిదాన్ని 'కలప' అని రాస్తున్నారు. కలప అంటే కోసి, ఎండబెట్టి, డిపోలో పేర్చిన దుంగ. ఇక్కడ చెప్పేది చిగురు వేసే చెట్టు గురించి, కలప అనే మాట దాని ప్రాణం తీసేస్తుంది.

ఈ ఐదింటి మధ్య రెండు రకాల సంబంధాలు ఉంటాయి, పద్ధతి మొత్తానికి ఇరుసు ఇదే. మొదటిది పోషణ. చెట్టు నిప్పుని మండిస్తుంది, నిప్పు బూడిదై మట్టవుతుంది, మట్టిలో లోహం పుడుతుంది, చల్లటి లోహం మీద నీరు చెమరుస్తుంది, నీరు చెట్టుని పెంచుతుంది. రెండోది అదుపు. చెట్టు వేళ్లు మట్టిని చీలుస్తాయి, మట్టి గట్టు నీటిని ఆపుతుంది, నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం గొడ్డలై చెట్టుని నరుకుతుంది. ఏ తత్వమూ మంచిది కాదు, చెడ్డదీ కాదు. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టే దాని వేషం. నీళ్లు ఎక్కువైతే చెట్టు కుళ్లుతుంది, గట్టు లేకపోతే వరద, గట్టు మరీ ఎత్తయితే కింద పొలానికి చుక్క నీరు రాదు.

మనిషి స్వభావానికి దీన్ని ఎలా ముడిపెట్టారంటే, ఒక్కో తత్వానికీ ఒక సుగుణం, ఒక ఉద్వేగం, ఒక అవయవం కేటాయించారు. చెట్టుకి దయ, కోపం, కాలేయం. నిప్పుకి మర్యాద, సంతోషం, గుండె. మట్టికి నమ్మకం, అదే పనిగా ఆలోచించడం, ప్లీహం. లోహానికి న్యాయం, దుఃఖం, ఊపిరితిత్తులు. నీటికి తెలివి, భయం, మూత్రపిండాలు. దయ, కోపం ఒకే గూటిలో ఉండటం మొదట వింతగా అనిపిస్తుంది. కానీ చుట్టూ ఒకసారి చూడండి, ఇంట్లో అందరికన్నా ముందు కోప్పడేదీ, అందరికన్నా ముందు పరిగెత్తి వచ్చి సాయం చేసేదీ చాలాసార్లు ఒకే మనిషి అయి ఉంటారు. తెలివీ భయమూ జంట అవడం కూడా అలాంటిదే, నాలుగు అడుగులు ముందు చూడగలిగినవాడికి నాలుగు రెట్లు టెన్షన్. నేటి వెబ్ పేజీల్లో "నిప్పు: ఉత్సాహం, నాయకత్వం" అని రాసేవాటికన్నా ఈ పాత జంటల్లో మనుషుల్ని చూసిన కన్ను కనిపిస్తుంది. చైనా ప్రాచీన వైద్య గ్రంథాల్లో ఉద్వేగాలకి కూడా అదుపు వరస పెట్టారు: దుఃఖం కోపాన్ని అణుస్తుంది, భయం సంతోషాన్ని అణుస్తుంది, కోపం అతి ఆలోచనని తెంపుతుంది.

ఒకే తత్వంలో మళ్లీ రెండు రకాలు. సరి అంకెతో ముగిసే సంవత్సరాలు యాంగ్, బేసివి యిన్. యాంగ్ చెట్టు మర్రిలాంటిది, యిన్ చెట్టు తీగ. యాంగ్ నిప్పు సూర్యుడు, యిన్ నిప్పు దీపం. యాంగ్ మట్టి కొండ, యిన్ మట్టి దుక్కి దున్నిన పొలం. యాంగ్ లోహం గొడ్డలి, యిన్ లోహం నగ. యాంగ్ నీరు ఏరో సముద్రమో, యిన్ నీరు వాన, మంచు. కాబట్టి 2026 నిప్పు, 2027 నిప్పు ఒకటి కావు, మొదటిది నడినెత్తి ఎండ, రెండోది గూట్లో పెట్టిన దీపం. గాలికి ఆరేది దీపమే, కానీ రాత్రిపూట దారి చూపించేదీ దీపమే.

ఇంకో పొర ఉంది. సంవత్సరం ఇచ్చే తత్వం కాక ప్రతి జంతువుకీ పుట్టుకతో వచ్చిన సొంత తత్వం ఉంటుంది. పులి, కుందేలు చెట్టు. పాము, గుర్రం నిప్పు. కోతి, కోడి లోహం. పంది, ఎలుక నీరు. మిగిలిన నాలుగు, ఎద్దు, డ్రాగన్, మేక, కుక్క, మట్టివి. ఒక్కో రుతువు చివరి నెలకి ఒకటి చొప్పున, కాలం మలుపు తిరిగేచోట మట్టి పెట్టారు. స్వభావం చెప్పేవాళ్లు చూసేది ఈ రెండు తత్వాలు ఎలా కలిశాయన్నది.

గుర్రాన్నే తీసుకుందాం. దాని సొంతం నిప్పు. 1954లోనూ 2014లోనూ అది చెట్టు గుర్రం, మంటకి కట్టెలు అందుతున్నాయి, కాబట్టి ఆలోచనలకి కొదవలేని మనిషి అంటారు. 1978 మట్టి గుర్రం. నిప్పు తన బలాన్ని మట్టికి ధారపోస్తుంది, అంచేత దూకుడు తగ్గి పని మీద నిలబడే రకం. 1990 లోహపు గుర్రం, నిప్పు లోహాన్ని కరిగిస్తూ ఉంటుంది, పట్టుబట్టి సాధించే తత్వం, ఎప్పుడూ ఎవరితోనో రాపిడి. 2002 నీటి గుర్రం, పైనుంచి నీరు కింద నిప్పు మీద పడుతోంది, ఊరికే మనసు మార్చుకుంటారని చెబుతారు. ఇక 1966, 2026. నిప్పు మీద నిప్పు, అదుపు చేసేది ఏదీ లేదు. ఒకే జంతువు, ఐదు రకాల మనుషులు. గుర్రం ఎప్పుడూ యాంగ్ కాబట్టి ఐదే, ఆరో రకం రాదు. ఎలుకకి కూడా ఇలాగే కట్టి చూడొచ్చు, దాని సొంతం నీరు కాబట్టి 2008 మట్టి ఎలుక గట్టు కట్టిన చెరువు, 1984 చెట్టు ఎలుక తన నీళ్లన్నీ చెట్టుకి పోసేది. అల్లిక బాగుంటుంది, కాదనలేం. నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న.

నిజం మాట అటుంచితే, ఈ అల్లిక తన సొంత ఇంట్లోనే ఒక చోట తెగుతుంది. చైనాలో ఊళ్లలో పెద్దవాళ్లని "1984లో పుట్టినవాళ్లది ఏ తత్వం" అని అడిగితే చెట్టు అని చెప్పకపోవచ్చు. "సముద్రంలోని బంగారం" అనొచ్చు, అంటే లోహం. దీన్ని 'నా యిన్' అంటారు (ఇక్కడ యిన్ అంటే స్వరం), సంగీత స్వరాల లెక్క మీద కట్టిన ఇంకో పద్ధతి, అరవై సంవత్సరాల్ని రెండేసి చొప్పున ముప్పై జంటలు చేసి ఒక్కో జంటకీ ఒక పేరు పెడుతుంది. ఆ పేర్లు కవిత్వంలా ఉంటాయి. 2024, 2025 దీపపు నిప్పు. మరి అందరూ హడలిపోయే నిప్పు గుర్రానికి ఆ లెక్కలో పేరేమిటో తెలుసా? ఆకాశగంగ నీరు. ఒకే సంవత్సరం ఒక పుస్తకంలో మంట మీద మంట, ఇంకో పుస్తకంలో ఆకాశం నుంచి దిగే నది. రెండూ ఒకే సంప్రదాయంలోవే. ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్లు "మీది నిప్పు స్వభావం" అని ఘంటాపథంగా చెప్పే పేజీని అంత సీరియస్‌గా తీసుకోలేరు.

అసలు జాతకం రాసేవాళ్లు సంవత్సరంతో ఆగరు కూడా. పుట్టిన సంవత్సరం, నెల, రోజు, గంట, నాలుగింటికీ ఒక్కో కాండం, ఒక్కో శాఖ రాస్తారు. మొత్తం ఎనిమిది అక్షరాలు, అందుకే దాన్ని 'బా జి', ఎనిమిది అక్షరాలు అంటారు. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఎలుక గంట, అలా రోజుకి పన్నెండు జంతువులు. తాంగ్ వంశం కాలంలో సంవత్సరానికి పెద్దపీట వేసేవారు. ఆ తర్వాత వచ్చిన సోంగ్ వంశం కాలానికి షూ జిపింగ్ పేరు మీద వచ్చిన పద్ధతి దాన్ని మార్చేసి, రోజు కాండమే మనిషి అంది. నెల మీద, గంట మీద ఏమేం ఉన్నాయో చూసి ఆ మనిషి చుట్టూ ఎవరున్నారో చెబుతుంది. నన్ను పోషించే తత్వం నాకు తల్లి. నేను పోషించేది నా బిడ్డ, నా పనితనం. నాతో సమానమైనది అన్నదమ్ములు, పోటీదారులు. నేను అదుపు చేసేది నా డబ్బు. నన్ను అదుపు చేసేది పై అధికారి. ఇందులో "నేను ఇలాంటివాణ్ని" అనే వాక్యమే లేదు చూడండి, ఉన్నదంతా చుట్టరికాలే. సంవత్సరపు జంతువు ఈ లెక్కలో తాత ముత్తాతల గది, పూర్వీకుల చోటు. రెస్టారెంట్లలో ప్లేటు కింద వేసే కాగితం మీద పన్నెండు బొమ్మలు ముద్రించి "ఇదే మీరు" అనడం, పండితుల లెక్క ప్రకారం, ముత్తాత ఫొటో చూపించి మనవడి గుణం చెప్పడం లాంటిది.

జంతువుకీ మనిషికీ ముడిపెట్టిన పాత ఆధారం దొరికిన తీరు మరీ సరదాగా ఉంటుంది. 1975లో హుబెయ్ రాష్ట్రంలోని యున్‌మెంగ్‌లో, షుయిహుదీ అనే చోట ఒక సమాధి తవ్వారు. క్రీస్తుపూర్వం 217 ప్రాంతంలో చనిపోయిన ఒక చిన్న అధికారిది అది, న్యాయ వ్యవహారాలు చూసేవాడు. శవంతో పాటు వెయ్యికి పైగా వెదురు బద్దలు, వాటి నిండా చట్టాలు, కేసులు, వాటితో పాటే మంచి రోజూ చెడ్డ రోజూ చూసుకునే పంచాంగం లాంటిది. అందులో దొంగల్ని పట్టుకునే అధ్యాయం ఒకటి ఉంది. ఏ రోజు దొంగతనం జరిగిందో చూడు, ఆ రోజు జంతువుని బట్టి దొంగ ఎలా ఉంటాడో తెలుస్తుంది అంటుంది. ఎలుక రోజున పోతే దొంగ మూతి కోసుగా ఉంటుంది, గడ్డం పలచన, చేతివాటం ఎక్కువ, నల్లటి మనిషి, మొహం మీద మచ్చ. మనకి దొరికిన పాత ఆధారాల్లో రాశిఫలం పుట్టింది ఇక్కడ, పోలీసు స్టేషన్‌లో అనుమానితుడి గుర్తుల్లాగా. ఇంకో విశేషం, ఆ బద్దల్లో గుర్రం ఇప్పుడున్న చోట లేదు. దాని చోట జింక ఉంది, గుర్రం దాని పక్క గదికి జరిగింది. జాబితా అప్పటికింకా స్థిరపడలేదన్నమాట. ఇప్పటికీ పూర్తిగా స్థిరపడిందని చెప్పలేం, వియత్నాంలో కుందేలు చోట పిల్లి ఉంటుంది, ఎద్దు చోట గేదె. ఒకే ఏడు పుట్టిన చైనా పిల్ల కుందేలు, వియత్నాం పిల్ల పిల్లి.

జంతువుల్ని తత్వాలతో కలిపి చెప్పడాన్ని ఎగతాళి చేసినవాడూ ఆ పాతకాలంలోనే వచ్చాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే చైనా తాత్వికుడు అడిగిన ప్రశ్న ఇప్పటికీ ముక్కుసూటిగానే ఉంది. ఎలుక నీరు, గుర్రం నిప్పు, నీరు నిప్పుని గెలుస్తుంది కదా, మరి ఎలుక గుర్రాన్ని తరమదేం? కోడి లోహం, కుందేలు చెట్టు, లోహం చెట్టుని నరుకుతుంది కదా, మరి కోడి కుందేల్ని పొడవదేం? రెండు వేల ఏళ్లుగా దీనికి సరైన జవాబు రాలేదు, ప్రశ్న మరుగున పడిపోయింది, జంతువులు మాత్రం హాయిగా బతుకుతున్నాయి.

నమ్మకం ఉత్తదైనా దాని పని ఉత్తది కాదు. నిప్పు గుర్రం దగ్గరికి మళ్లీ వద్దాం. చైనాలో ఈ సంవత్సరానికి భయపడింది రాజ్యం గురించి. 'ఎర్ర గుర్రం, ఎర్ర మేక' సంవత్సరాలు దేశానికి అరిష్టం అని సామెత, దానికి వాళ్లు చూపించే ఉదాహరణల్లో 1126 ఒకటి, ఉత్తరాన ఉన్న జిన్ రాజ్యం సైన్యం వచ్చి సోంగ్ రాజధాని కైఫెంగ్‌ని ముట్టడించిన ఏడు. జపాన్‌లో అదే భయం ఆడపిల్ల మీద పడింది. నిప్పు గుర్రం సంవత్సరంలో పుట్టిన స్త్రీ మొగుణ్ని మింగేస్తుందని అక్కడి మాట. మన దగ్గర కుజదోషం పేరు చెప్పి సంబంధాలు తప్పించడం ఎరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. దానికి ఓషిచి కథ తోడైంది. 'ఎడో' అనే నగరంలో, అంటే నేటి టోక్యోలో, కూరగాయల వ్యాపారి కూతురు. ఇల్లు కాలిపోతే గుడిలో తలదాచుకుని అక్కడి కుర్రాణ్ని ప్రేమించింది. మళ్లీ ఇల్లు కాలితే మళ్లీ కలవొచ్చని తనే నిప్పు పెట్టిందట, 1683లో ఆమెని సజీవ దహనం చేశారు. ఆమె 1666లో, నిప్పు గుర్రం ఏట పుట్టిందని జనం చెప్పుకుంటారు.

ఇప్పుడు అంకెలు చూడండి. జపాన్‌లో 1965లో దాదాపు 18.2 లక్షల మంది పిల్లలు పుట్టారు. 1966లో 13.6 లక్షలు. 1967లో 19.4 లక్షలు. బుల్లెట్ రైలు అప్పటికి రెండేళ్ల నుంచి నడుస్తోంది, ఒలింపిక్స్ అయిపోయాయి, ఇంటింటా టీవీ వచ్చేసింది, అయినా ఆ ఒక్క ఏడు నాలుగింట ఒక వంతు జననాలు ఆగిపోయాయి. యుద్ధం లేదు, కరువు లేదు. అంతకు ముందు నిప్పు గుర్రం 1906లో వచ్చినప్పుడు తగ్గుదల చాలా చిన్నది. మూఢనమ్మకం చదువుతో పోతుందనుకుంటాం, ఇక్కడ ఆధునిక కాలంలోనే పెరిగింది, ఎందుకంటే 1966 నాటికి కుటుంబ నియంత్రణ పద్ధతులు చేతిలో ఉన్నాయి, పత్రికలు ముందునుంచే ఊదరగొట్టాయి. కొందరు పుట్టిన తేదీని ముందుకో వెనక్కో జరిపి నమోదు చేయించారు. ఆ ఏటి సంతాన రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.58. తర్వాత 1989లో ఏ జంతువు భయమూ లేకుండానే అది 1.57కి పడిపోతే, ప్రభుత్వం ఉలిక్కిపడి దాన్ని '1.57 షాక్' అని పిలిచింది, నిప్పు గుర్రం కన్నా కిందికి పోయామని. అన్నట్టు, ఇప్పటి జపాన్ యువరాజు భార్య కికో పుట్టింది 1966 సెప్టెంబర్‌లో. ఆ పెళ్లి ఆగలేదు.

డ్రాగన్ దీనికి తిరగేసిన బొమ్మ. చైనావాళ్లున్న చాలా దేశాల్లో డ్రాగన్ ఏడు పిల్లల్ని కనాలని ఆరాటం. చైనాలో డ్రాగన్ పిల్లలు చదువులో నిజంగానే కాస్త ముందుంటున్నారని నాసి మోకాన్, హాన్ యూ అనే ఆర్థికవేత్తలు చూశారు. కారణం వెతికితే అది తల్లిదండ్రుల దగ్గర తేలింది. మావాడు డ్రాగన్ అని వాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకుంటారు, ఎక్కువ డబ్బు, ఎక్కువ సమయం పెడతారు. అంటే పిల్లల్ని దిద్దింది జంతువే అనుకున్నా, అది పనిచేసింది అమ్మానాన్నల చేతుల ద్వారా.

అవయవాల లెక్క మీద కూడా ఒక వాదన నడిచింది. 1993లో డేవిడ్ ఫిలిప్స్ బృందం 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వేసింది. అమెరికాలో స్థిరపడిన చైనా మూలాలవాళ్లు 28 వేల మందికి పైగా మరణాలు తీసి చూస్తే, పుట్టిన సంవత్సరపు తత్వానికీ వచ్చిన జబ్బుకీ జత కుదిరినవాళ్లు, ఉదాహరణకి 6, 7తో ముగిసే ఏట పుట్టి గుండె జబ్బు వచ్చినవాళ్లు, మిగతావాళ్లకన్నా 1.3 నుంచి 4.9 ఏళ్లు ముందే పోతున్నారని అందులో తేలింది. తెల్లవాళ్లలో ఈ తేడా లేదు. "ఇది నా రాత" అనుకుని చేతులెత్తేయడమే కారణం అని వాళ్ల వివరణ. అది చాలా పేరు పొందింది, ఇప్పటికీ పంచుకుంటూ ఉంటారు. అయితే 2006లో గ్యారీ స్మిత్ అనే ఆయన అదే సిద్ధాంతాన్ని కొత్త లెక్కలతో పరీక్షిస్తే అది నిలబడలేదు. రెండో సంగతిని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఒక చిన్న విషయం, చాలామంది తిరగేసి అనుకునేది. తన జంతువు సంవత్సరం వస్తే కలిసొస్తుందనుకుంటారు మనవాళ్లు. చైనాలో దానికి రివర్స్, సొంత జంతువు ఏడు గండం. అందుకే ఆ ఏడాది ఎర్ర బెల్టు, ఎర్ర సాక్సు, లోపల ఎర్ర బట్టలు వేసుకుంటారు, సంవత్సరాది ముందు దుకాణాల్లో వీటికి గిరాకీ.

2026 ఫిబ్రవరి 17 నుంచి మళ్లీ నిప్పు గుర్రం. ఆ ఏడు పుట్టే ఒక పాప సంగతి చూద్దాం. కాగితం మీద బొమ్మ చూసేవాళ్లకి ఆమె మంట మీద మంట. నా యిన్ పుస్తకం తీసేవాళ్లకి ఆకాశగంగ. జపాన్‌లో పాతకాలం అత్తగారికి, మొగుణ్ని మింగే పిల్ల. కానీ రోజు కాండం ప్రతి రోజూ మారుతుంది, పది రోజులకోసారి తిరిగొస్తుంది, కాబట్టి అదే ఆసుపత్రిలో అదే వారం పక్కపక్క మంచాల మీద పుట్టిన పిల్లల్లో ఒకరు కొండ కావచ్చు, ఒకరు నగ, ఒకరు వాననీరు. ఆ వాననీటి పాప జాతకం ఎనిమిది అక్షరాలు చూసే జ్యోతిషుడి ముందు పెడితే ఆయన ముందు వెతికేది నీరు దేన్ని అదుపు చేస్తుందో దాన్ని. నిప్పుని. తను అదుపు చేసేది డబ్బు అని కదా లెక్క, ఊరంతా భయపడే ఆ గుర్రం ఈ పాప పద్దులో ఆదాయం కింద రాస్తారు.